పద్దెనిమిది నిండాక గూడూరే బడి

గూడూరు జంక్షన్ నుంచి పట్టాలు మూడు వైపులకు పోతాయి. ఉత్తరాన నెల్లూరు మీదుగా విజయవాడకు, దక్షిణాన సూళ్ళూరుపేట మీదుగా చెన్నైకి, పడమర వెంకటగిరి, శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంటకు. కోస్తా నుంచి తిరుమల కొండకు పోయే రైళ్ళలో చాలావాటికి మలుపు ఇక్కడే. ఊరి చుట్టుపక్కల నేలలో అభ్రకం, చిల్లకూరు, కోట వైపు సిలికా ఇసుక, తోటల్లో నిమ్మ. ఇక్కడి మార్కెట్లో బస్తాలకెత్తిన కాయ చెన్నైకీ, ఢిల్లీకీ పోతుంది. 2011 లెక్కల నాటికి జనాభా 74 వేల చిల్లర.

ఇంత రాకపోకలున్న ఊళ్ళో, పొద్దున తొమ్మిదింటికి పిల్లలు బడికీ పెద్దలు పనికీ వెళ్ళిపోయాక, ఇంట్లోనే ఉండిపోయేవాళ్ళు కొందరుంటారు. ముసలివాళ్ళు కారు. ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళవాళ్ళు. బుద్ధిమాంద్యం, ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళు. టీవీ ముందో, వాకిట్లో అరుగు మీదో సాయంత్రం దాకా కూర్చుంటారు. తల్లి బజారుకు పోవాలంటే తలుపుకు బయట గొళ్ళెం పెట్టి పోవాల్సిన ఇళ్ళూ ఉంటాయి. దేశంలో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళు దాదాపు 15 లక్షల మంది అని 2011 జనాభా లెక్కలు చెప్పాయి. వాళ్ళంతా ఎక్కడో పెద్ద నగరాల్లో లేరు. ఇలాంటి పట్టణాల్లో, ఇలాంటి వీధుల్లోనే ఉన్నారు.

పద్దెనిమిదేళ్ళ దాకా వీళ్ళకు ఒక దారి ఉంది. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడ ఐఈఆర్‌పీలని పిలిచే ప్రత్యేక ఉపాధ్యాయులుంటారు. ఫిజియోథెరపిస్టు వచ్చిపోతుంటారు. కదల్లేని పిల్లల ఇంటికే వెళ్ళి నేర్పే ఏర్పాటూ ఉంది. జీతం తక్కువైనా, ఒక్కో పిల్లవాడికి చెంచా పట్టుకోవడం నేర్పడానికి నెలలు పెట్టే ఓపికగల టీచర్లు ఆ వ్యవస్థలో ఉన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచిత విద్యను హక్కు చేసింది. ఆ హక్కు అక్కడ ఆగింది, బడీ అక్కడే ఆగింది. పద్దెనిమిదో పుట్టినరోజు మర్నాడు పొద్దున వాళ్ళను ఎక్కడికి పంపాలన్న ప్రశ్న తల్లిదండ్రుల నెత్తిన పడుతుంది.

ప్రభుత్వం చేతులు దులుపుకుందని అనను. సదరం శిబిరంలో డాక్టర్లు శాతం కట్టి ఇచ్చే సర్టిఫికెట్ ఉంటే పింఛను వస్తుంది. 2024 జూలై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకు 15,000. పేద ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు. బియ్యం, మందులు, ఆటో ఛార్జీలు దాంతోనే గడుస్తాయి. కానీ ఆరు వేలు నెలను గడిపిస్తాయి గాని పగటిని నింపవు. ఇరవై అయిదేళ్ళ మనిషికి పొద్దున లేచి తలదువ్వుకుని వెళ్ళడానికి ఒక చోటు కావాలి. అక్కడ చేయడానికి పని, మాట కలపడానికి మనుషులు, నేర్చుకోవడానికి ఏదో ఒకటి కావాలి. ఆ చోటునే డే కేర్ అనీ, పగటి కేంద్రం అనీ అంటున్నాం.

పేరు సంరక్షణ అయినా అసలు పని నేర్పడమే. ఈ తేడా తెలియకపోతే కేంద్రం పెట్టి ప్రయోజనం లేదు. గదిలో చాపలు పరిచి, కూర్చోబెట్టి, మధ్యాహ్నం సాంబారన్నం పెట్టి, సాయంత్రం ఇంటికి పంపితే ఇంటి అరుగు కేంద్రం అరుగుగా మారుతుంది, అంతే. ముప్పై ఏళ్ళవాడి చేత రంగు పెన్సిళ్ళతో ఏనుగు బొమ్మ నింపించడం, పిల్లల పాటలు పాడించడం కూడా నాకు నచ్చదు. పెద్దవాళ్ళకు పెద్దవాళ్ళ పనులే నేర్పాలి. తన బట్టలు తాను ఉతుక్కోవడం, గ్యాస్ పొయ్యి కట్టేయడం, బస్సు ఎక్కి సరైన చోట దిగడం, చిల్లర లెక్క చూసుకోవడం, ఇష్టం లేనిదానికి వద్దని చెప్పడం.

ఇవెలా నేర్పాలో తెలుగు నేల మీదే నలభై ఏళ్ళుగా పని జరుగుతోంది. 1984లో సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ మొదలైంది. నిమ్హ్ అని అందరూ పిలిచే ఆ సంస్థ పేరు ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ. జయంతి నారాయణ్ వంటి వారు అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయుల కోసం తయారు చేసిన అంచనా పట్టికలు దేశమంతా వాడుకలో ఉన్నాయి. పద్దెనిమిది దాటినవాళ్ళ కోసం విడిగా బాసల్ అనే పట్టిక కూడా అక్కడిదే. అంతకుముందే చెన్నైలోని విజయ్ హ్యూమన్ సర్వీసెస్ వారు మద్రాసు పట్టికగా పేరుపడ్డదాన్ని చేశారు. అందులో 18 విభాగాలు, విభాగానికి 20 చొప్పున 360 అంశాలు. నడక, చేతివేళ్ళ పని, తిండి, బట్టలు, స్నానం నుంచి మొదలై సమయం, డబ్బు, ఇంటిపని, ఊళ్ళో తిరగడం, వృత్తి దాకా పోతుంది. ప్రతి అంశం మనిషి చేయగలిగిన పనిగానే రాసి ఉంటుంది. రానిది ఏదో తెలిస్తే రేపు నేర్పాల్సిన పాఠం అదే అవుతుంది. సదరం సర్టిఫికెట్ మీద ఉండే శాతం ఈ పని చేయలేదు. ‘75 శాతం’ అన్న అంకె పింఛనుకు పనికొస్తుంది గాని, ఆ మనిషికి చొక్కా గుండీలు పెట్టుకోవడం వచ్చో రాదో చెప్పదు.

నేర్పే తీరు చూడాలంటే గూడూరు వంటింట్లో ఎప్పుడూ ఉండే నిమ్మకాయనే తీసుకోండి. గ్లాసెడు నిమ్మకాయ నీళ్ళు కలపడం మనకు నిమిషం పని. దాన్నే విడదీసి చూడండి: కాయ కడగాలి, కత్తిపీట మీదో చాకుతోనో అడ్డంగా కోయాలి, గింజలు తీయాలి, గ్లాసులోకి పిండాలి, ఉప్పో చక్కెరో వేయాలి, నీళ్ళు పోయాలి, చెంచాతో తిప్పాలి, తెచ్చి ఎదుటివాళ్ళ చేతికివ్వాలి. ఎనిమిది మెట్లు. మామూలుగా మనం మొదటి మెట్టు నుంచి మొదలుపెడతాం. కాయ కడగడం నేర్పి, కోయడం దగ్గర చేయి తెగుతుందని భయపడి, మిగతాది మనమే చేసేస్తాం. నేర్చుకునేవాడికి మిగిలేది తడి చేతులే. ప్రత్యేక ఉపాధ్యాయులు చాలాసార్లు దీన్ని వెనక నుంచి మొదలుపెడతారు. మొదటి ఏడు పనులూ టీచరే చేసి, ఎనిమిదోది నేర్చుకునే మనిషికి వదులుతారు. గ్లాసు తీసుకెళ్ళి ఇంటికొచ్చిన వాళ్ళకివ్వడం. పని పూర్తి చేసింది తనే, ‘బాగుంది నాయనా’ అన్న మాట వినేదీ తనే. అది కుదిరాక ఏడు, ఎనిమిది. ఆ తర్వాత ఆరు, ఏడు, ఎనిమిది. చాకు దగ్గరికి చేరేసరికి మిగతా పనంతా చేతికి వచ్చేసి ఉంటుంది. మొదట్లో టీచరు చేయి మీద చేయి వేసి చేయిస్తారు. తర్వాత చూపుడు వేలితో చూపిస్తారు. తర్వాత ఒక్క మాట. చివరికి ఆ మాట కూడా మానేసి పక్కన ఊరికే నిలబడతారు. కష్టమైన పని ఈ చివరిదే. సాయం చేయకుండా పక్కన నిలబడటానికి టీచరుకే శిక్షణ కావాలి.

ఇక్కడే ఇంటి ప్రేమ అడ్డం వస్తుంది. ఈ మాట తల్లులను తప్పుపట్టడానికి అనడం లేదు. ఇరవై ఏళ్ళుగా నోట్లో ముద్ద పెట్టిన చేయి ఒక్కరోజులో ఆగదు. వాడు తింటే ఒళ్ళంతా పోసుకుంటాడు, ఆలస్యమవుతుంది, నేనే పెట్టేస్తా అంటుంది. నిజమే, ఆలస్యమవుతుంది. కానీ అదే తల్లి రాత్రి పడుకోబోయే ముందు అడిగేది, ఇలాంటి ప్రతి ఇంట్లోనూ వినిపించేది ఒకే ప్రశ్న: మేము పోయాక వీడి గతేంది? జవాబులో సగం ఆ ముద్దలోనే ఉంది. తనంతట తాను తిని, కడుక్కుని, బట్ట కట్టుకునే మనిషిని అన్నదమ్ములు చూసుకోవడం వేరు. అన్నీ ఒకరు చేయాల్సిన మనిషిని చూసుకోవడం వేరు. కాబట్టి కేంద్రంలో నేర్పింది ఇంట్లో కూడా చేయనివ్వాలి. వారానికొకసారి తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ఈ వారం ఏది మీరు చేయకూడదో చెప్పే కేంద్రమే మంచి కేంద్రం.

నాలుగు గోడల మధ్య నేర్చుకున్నది బజార్లో పనికొస్తుందన్న నమ్మకం లేదు. ప్లాస్టిక్ నోట్లతో, అట్టముక్కల దుకాణంతో కొనడం నేర్చుకున్న మనిషి నిజం అంగడి ముందు బిక్కచచ్చి నిలబడతాడు. అక్కడి గోల వేరు, తోసుకునే జనం వేరు. అందుకే ఊరినే బడి చేసుకోవాలంటాను. గూడూరు దానికి సరిగ్గా సరిపోయే ఊరు. మరీ పెద్దది కాదు, తప్పిపోతే ఎవరో ఒకరు గుర్తుపట్టి ఇంటికి చేరుస్తారు. మరీ చిన్నదీ కాదు, నేర్చుకోవడానికి కావలసినవన్నీ ఉన్నాయి.

నిమ్మ మార్కెట్‌ను చూడండి. కాయను పరిమాణం బట్టి, రంగు బట్టి వేరుచేస్తారు. పచ్చికాయ ఒకవైపు, పండుకాయ ఒకవైపు, గోలీకాయ మరోవైపు, మచ్చపడింది ఇంకోవైపు. ప్రత్యేక పాఠశాలల్లో ఏళ్ళ తరబడి పూసలతో, చెక్కముక్కలతో నేర్పేది సరిగ్గా ఇదే, పెద్దదీ చిన్నదీ విడదీయడం, రంగు బట్టి కుప్పలు పోయడం. ఒకే పనిని గంటల తరబడి విసుగు లేకుండా చేయగలగడం ఆటిజం ఉన్న చాలామందిలో కనిపించే గుణం. ఆ గుణానికి ఈ ఊళ్ళోనే పని ఉంది. ఒక్క షరతు మాత్రం పెట్టాలి. నేర్చుకునే రోజులు అయిపోయి అతను నిజంగా పని చేస్తుంటే, పక్కవాడికిచ్చే లెక్కన అతనికీ కూలి ఇవ్వాలి. సగం వేగంతో చేస్తే సగం కూలి ఇవ్వండి, కాదనను. శిక్షణ పేరు చెప్పి ఏళ్ళ తరబడి ఊరికే చేయించుకోవడం మాత్రం దోపిడీ.

రైల్వే స్టేషన్ ఇంకో తరగతి గది. టికెట్ల వరసలో నిలబడటం, ప్లాట్‌ఫారం అంకె చూసుకోవడం, పట్టాల మీదుగా కాకుండా వంతెన మీదుగా దాటడం, వెళ్ళాల్సిన రైలు రాకపోతే కంగారు పడకుండా కూర్చోవడం. తోడు లేకుండా ప్రయాణించలేని బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళకూ, వాళ్ళ వెంట వచ్చే మనిషికీ స్లీపర్ తరగతిలో రైల్వే 75 శాతం రాయితీ ఇస్తుంది. చాలా ఇళ్ళలో ఈ సంగతి తెలియదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. చుట్టుపక్కల పల్లెల నుంచి తల్లీ, ఎదిగిన కూతురూ ఖర్చు లేకుండా గూడూరు వచ్చిపోవచ్చు. కేంద్రమంటూ ఉంటే దారి ఖర్చు ఇక పెద్ద అడ్డంకి కాదు.

డబ్బు పాఠానికి ఒకటో తేదీని మించిన రోజు లేదు. సచివాలయం ఉద్యోగి గుమ్మంలోకే వచ్చి, వేలిముద్ర తీసుకుని, పింఛను చేతికిస్తారు. మామూలుగా ఆ వేలు మాత్రమే అతనిది, నోట్లు మరొకరి చేతిలోకి పోతాయి. ఆరు వేలంటే పన్నెండు అయిదువందల నోట్లు. పన్నెండు దాకా లెక్కపెట్టడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి కారణం ఏముంది? ముందు అతనే లెక్కపెట్టి, తర్వాత అమ్మకివ్వాలి. అందులోంచి నెలకు ఒక రెండొందలు అతని సొంత ఖర్చుకు అతని దగ్గరే ఉండాలి. బజ్జీలు తింటాడో, జేబురుమాలు కొంటాడో, పారేసుకుంటాడో అతనిష్టం. ఆస్తి ఉంచుకునే హక్కు, తన డబ్బు వ్యవహారం తాను చూసుకునే హక్కు వికలాంగులకు అందరితో సమానంగా ఉందని 2016 చట్టం చెబుతోంది. ఆ హక్కు మొదలవ్వాల్సింది ఈ రెండొందల దగ్గరే.

పారేసుకుంటే ఎలా అని అడుగుతారు. రోడ్డు మీద పడితే? ఎవరైనా మోసం చేస్తే? 1972లో అమెరికాలో రాబర్ట్ పెర్స్కే అనే ఆయన దీని మీద ఒక వ్యాసం రాశాడు. ప్రమాదం అంటకుండా కాపాడే పేరుతో ఈ మనుషుల నుంచి మనిషితనాన్నే లాగేస్తున్నామని, కొంత ముప్పును ఎదుర్కోనివ్వడం కూడా గౌరవమేనని ఆయన వాదం. యాభై ఏళ్ళు దాటినా ఆ వ్యాసాన్ని ఈ రంగంలో ఇంకా తలుచుకుంటారు. నేను దాంతో ఏకీభవిస్తాను, ఒక జాగ్రత్తతో. ముప్పును మెట్లు మెట్లుగా ఇవ్వాలి. జాతీయ రహదారి దాటడం కన్నా ముందు వీధి దాటాలి. ఒంటరిగా దాటే ముందు పదిమంది నడుమ దాటాలి.

ఆడపిల్లల విషయంలో ఇంకాస్త ఆగి మాట్లాడాలి, ఎందుకంటే ఎవరూ ఆగరు. నెలసరి వచ్చినప్పుడు ప్యాడు పెట్టుకోవడం, మార్చడం, చుట్టి పారేయడం కూడా మెట్లుగా విడదీసి నేర్పగలిగిన పనే. కొత్త ప్యాడు మీద ఎర్ర రంగు చుక్కలు వేసి, మార్చే సమయం గుర్తించడం నేర్పే పద్ధతులున్నాయి. నేర్పకపోతే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది. 1994లో మహారాష్ట్రలోని శిరూరు ప్రభుత్వ వసతి గృహంలో ఉన్న బుద్ధిమాంద్యం గల యువతులను పుణేలోని సాసూన్ ఆసుపత్రికి తెచ్చి గర్భసంచులు తీసేశారు. నెలసరి శుభ్రత చూసుకోలేరన్నది అప్పుడు చెప్పిన కారణం. దేశమంతా గొడవైంది. ఒక పాఠం చెప్పే ఓపిక లేక శరీరంలో ఒక భాగాన్నే తీసేసిన ఆ ఉదంతాన్ని పగటి కేంద్రం నడిపే ప్రతివాళ్ళూ గుర్తుంచుకోవాలి. ఎవరు ముట్టుకోవచ్చు, ఎక్కడ ముట్టుకోకూడదు, తలుపు వేసుకుని చేసే పనులేమిటి, గట్టిగా అరవాల్సింది ఎప్పుడు అన్నది కూడా ఆ పాఠాల్లో భాగమే. మగపిల్లలకూ ఇవే నేర్పాలి.

చట్టం సంగతి ఒకటి తల్లిదండ్రులకు తెలియాలి. పద్దెనిమిది నిండిన రోజున చట్టం కళ్ళలో ఆ మనిషి పెద్దవాడు. తల్లిదండ్రులైనంత మాత్రాన చట్టరీత్యా సంరక్షకులు కారు. బ్యాంకులో, ఆస్తి కాగితాల దగ్గర ఈ సంగతి ఎదురయ్యేదాకా చాలామందికి తెలియదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళ కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని ప్రకారం జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెట్టి సంరక్షకత్వం తీసుకోవాలి. అదే ట్రస్ట్ కింద నిరామయ పేరుతో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. వికాస్ పేరుతో పదేళ్ళు దాటినవాళ్ళకు పగటి కేంద్రం పథకం పెట్టింది కూడా ఆ ట్రస్టే. రోజుకు కనీసం ఆరు గంటలు, నెలకు కనీసం 21 రోజులు నడపాలన్నది ఆ పథకం పెట్టినప్పటి నిబంధన. గూడూరు లాంటి పట్టణానికి కావలసింది అచ్చంగా అదే.

నేర్పేవాళ్ళ కోసం చాలా దూరం వెతకక్కర్లేదు. నలభై కిలోమీటర్ల లోపే నెల్లూరులో సికింద్రాబాద్ సంస్థ కింద పనిచేసే కాంపోజిట్ రీజినల్ సెంటర్ ఉంది. చెన్నై దాటితే ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. అనంతపురం పల్లెల్లో 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ, వికలాంగులను సంఘాలుగా కూడగట్టి, వైకల్యం ఉన్న ఆడవాళ్ళ చేత చేతివృత్తుల వస్తువులు చేయించి, వాటి మీద సంపాదన చూపించింది. రాయలసీమ పల్లెలో కుదిరింది గూడూరు పట్టణంలో కుదరకపోదు.

ఇలాంటివి దేశంలో చాలాచోట్ల ప్రభుత్వం కన్నా ముందు తల్లిదండ్రులే మొదలుపెట్టారు. దానికి కోట్లు అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సంఘం పెట్టడానికి ఏడుగురు చాలు. తల్లిదండ్రుల సంఘంగానే నేషనల్ ట్రస్ట్‌లో నమోదు కావచ్చు. పురపాలక సంఘం వాడకంలో లేని రెండు గదులు, ఒక మరుగుదొడ్డి, ఒక వంటగట్టు ఇప్పించగలదు. నిమ్మ వ్యాపారులు వారానికి రెండు పూటలు తమ కుప్పల దగ్గర చోటివ్వగలరు. పద్దెనిమిది నిండి భవిత నుంచి బయటికొచ్చిన వాళ్ళ ఇళ్ళు ఏ వీధిలో ఉన్నాయో ఐఈఆర్‌పీలకు తెలుసు. వాళ్ళను అడిగి, మీలాంటి ఇంకో ఆరు కుటుంబాల తలుపు తట్టండి. ఏడుగురు ఒకచోట కూర్చున్న రోజే సంఘం కాగితం రాయండి.